ర్యామ్ రేట్లు పెరిగాయి, స్క్రీన్ దగ్గర మాత్రం తగ్గకండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మా షాపుకు వచ్చే కస్టమర్లందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ దగ్గర పడింది, ల్యాప్‌టాప్ రేట్లు అడుగుతూ ఫోన్లు మొదలయ్యాయి. ఈసారి మేం సరుకు తెప్పించే పద్ధతి కొంచెం మార్చాం. ఎందుకు మార్చామో అందరికీ ఒకేసారి చెప్దామని ఇది రాస్తున్నాను.

ముందు రేట్ల సంగతి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగబడి కొంటుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధర బాగా పెరిగింది. నిరుడు మీ పక్కింటివాళ్లు కొన్న మోడలే అయినా అప్పటి రేటుకు ఇవ్వలేను. ఎంత బేరమాడినా ఇవ్వలేను, మాకు పడేదే ఎక్కువ. మీ బడ్జెట్టేమో పెరగదు. ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి కదా, చాలామంది స్క్రీన్ దగ్గర తగ్గించుకుంటున్నారు. గ్రాఫిక్స్ కార్డుకు ఒక పేరు, నంబరు ఉంటాయి, పిల్లలు దాన్నే పట్టుకుని కూర్చుంటారు. స్క్రీన్ గురించి బాక్సు మీద ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. నేను మాత్రం తగ్గితే కార్డు దగ్గర తగ్గమంటాను. కార్డు పని చేసేది గేమ్ ఆడినప్పుడో, వీడియో ఎడిట్ చేసినప్పుడో. స్క్రీన్ మాత్రం నాలుగేళ్లూ కళ్ల ముందే ఉంటుంది.

అందుకే 1366×768 స్క్రీన్, అంటే అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు (పిక్సెళ్లు) ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లు తెప్పించడం మానేశాం. తేడా మీరే చూడొచ్చని కౌంటర్ మీద రెండు 15.6 అంగుళాల మెషీన్లు పక్కపక్కన పెట్టాం, ఒకటి పాతది 768, రెండోది 1920×1080. రెండింట్లోనూ ఒకే తెలుగు ఫైలు, అక్షరం కంటికి ఒకే సైజులో కనబడేలా సెట్ చేశాం. చిన్న అక్షరాల దగ్గరికి రండి. పాతదాంట్లో ‘థ’ మధ్య చుక్క కలిసిపోయి ‘ధ’ లాగా కనబడుతుంది. ‘లక్ష్మి’లో ఒత్తులు ముద్దగా అంటుకుపోతాయి. ఆ పాతదాని మొత్తం స్క్రీన్‌లో ఉన్నవి పదిన్నర లక్షల పిక్సెల్ చుక్కలు, అంగుళానికి 100. రెండోదాంట్లో 20.7 లక్షలు, అంగుళానికి 141. డీటీపీ చేసేవాళ్లకు, రాత్రిళ్లు పీడీఎఫ్‌లు చదివే పిల్లలకు ఈ తేడా రోజూ తెలుస్తుంది.

అలాగని ఫోర్‌కే అడక్కండి. ఫోర్‌కే అంటే 83 లక్షల చుక్కలు. అంత చిన్న స్క్రీన్‌లో అక్షరాలు చీమల్లా ఉంటాయని విండోస్‌లో సైజు మళ్లీ రెండింతలకు పైగా పెంచుకోవాలి, బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. ప్రత్యేకంగా కావాలంటేనే ఆర్డర్ మీద తెప్పిస్తాం. ధరలో పెద్ద తేడా లేకుండా 1920×1200 దొరికితే అదే తీసుకోండి. కింద 120 వరుసలు ఎక్కువొస్తాయి. కోడ్ రాసేవాళ్లకు, ఎక్సెల్ వాడేవాళ్లకు అది చాలా సుఖం.

చుక్కలతో పాటు రంగులు కూడా అడగండి. వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే ఆ ప్యానెల్ (స్క్రీన్ పలక) రంగులు తక్కువ చూపిస్తుందని అర్థం. బ్రౌజింగ్‌కు, టైపింగ్‌కు ఫరవాలేదు. పెళ్లి ఆల్బమ్‌లు చేసే తమ్ముళ్లకు మాత్రం పనికిరాదు. పెళ్లికూతురి మెరూన్ పట్టుచీర ఆ స్క్రీన్‌లో వెలిసిపోయినట్టు ఉంటుంది. సరిచేద్దామని రంగు పెంచుతారు, తీరా ప్రింటయి వచ్చాక చీర మరీ ముదిరిపోయి ఉంటుంది. ఆల్బమ్ పని చేసే మీకు నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీ (మామూలుగా ఫొటోలకు వాడే రంగుల ప్రమాణం) ప్యానెల్ ఉన్నదే ఇస్తాను, కార్డు ఒక మెట్టు తగ్గినా సరే.

ఇక కార్డు. ల్యాప్‌టాప్‌లో దాని పేరొక్కటే చూస్తే సరిపోదు, దానికి ఎన్ని వాట్లు అందుతాయో అడగాలి. ఎన్‌విడియా కంపెనీ కార్డు ఆర్‌టీఎక్స్ 4060 అనే పేరుతోనే 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా దొరుకుతాయి. పూర్తి వాట్లు అందే 4050 (దానికన్నా కింది మెట్టు కార్డు) ముందు 35 వాట్ల 4060 వెనకబడుతుంది. ఒకప్పుడు తక్కువ వాట్ల కార్డు పేరు పక్కన ‘మ్యాక్స్-క్యూ’ అని రాసేవారు కాబట్టి తెలిసిపోయేది. 2021 నుంచి ఆ గుర్తు తప్పనిసరి కాదు. అందుకే ఇక నుంచి మా ధర చీటీ మీద కార్డు వాట్లు, దాని మెమరీ, ప్యానెల్ రకం మేమే రాసి పెడతాం. మెమరీ ఎందుకంటే, ల్యాప్‌టాప్‌లో 4060కీ 4070కీ ఉన్నది అదే 8 జీబీ. డెస్క్‌టాప్ 4070కి 12 ఉంటుంది కదా, ఇందులోనూ అంతే అనుకుని కొనేవాళ్లున్నారు.

గేమ్స్ కోసం కొంటుంటే స్క్రీన్‌నూ కార్డునూ జోడీగా చూడండి. 2560×1600 అంటే ఫుల్ హెచ్‌డీకి (1920×1080) దాదాపు రెట్టింపు చుక్కలు, కార్డుకు పని కూడా ఆ లెక్కనే పెరుగుతుంది. 6 జీబీ కార్డుకు ఫుల్ హెచ్‌డీ చాలు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. సోనీ కెమెరాల్లో 10 బిట్ 4:2:2లో హెచ్.265 (రంగుల వివరం ఎక్కువుండే వీడియో రకం) తీస్తున్నారా? ఆ ఫైళ్లను ఎన్‌విడియా కార్డులు నేరుగా డీకోడ్ చేయడం (విప్పి చూపించడం) ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలైంది. అంతకుముందు కార్డు ఎంత పెద్దదైనా ఆ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. 11వ తరం నుంచి వచ్చిన ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో లోపలున్న గ్రాఫిక్స్ ఆ పని చేస్తుంది. టైమ్‌లైన్ ముక్కలు ముక్కలుగా కదులుతోందని పెద్ద కార్డు కొనే ముందు, మీ క్లిప్ ఏ రకమో చూసుకోండి.

సీఎస్ఈలో చేరే పిల్లల తల్లిదండ్రులకు: మొదటి ఏడాది సీ, జావా, పైథాన్‌కు వేరే కార్డు అక్కర్లేదు సార్. ఆ డబ్బుతో మంచి స్క్రీన్, 16 జీబీ ర్యామ్ తీసుకోండి. ర్యామ్ విడిగా పెట్టే మోడలైతే ఒకే 16 కన్నా రెండు 8లు మేలు, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాటితో బాగా నడుస్తుంది. మెషీన్ లెర్నింగ్ మొదలుపెట్టాక గూగుల్ కొలాబ్‌లో (ఆన్‌లైన్‌లో గూగుల్ కంప్యూటర్ల మీదే కోడ్ నడిపే సైటు) చిన్న ప్రాజెక్టులు ఉచితంగానే చేసుకోవచ్చు. మెకానికల్, సివిల్ పిల్లలకు సాలిడ్‌వర్క్స్, రెవిట్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఉంటాయి కాబట్టి మామూలు కార్డొకటి ఉంటే మంచిది.

ఆన్‌లైన్ సేల్ రేటు మేం ఇవ్వలేని రోజులుంటాయి. అక్కడ నిజంగా తక్కువైతే అక్కడే కొనండి. కాకపోతే కొనేముందు పూర్తి మోడల్ నంబరు, చివరి అక్షరాలతో సహా, మా వాట్సాప్‌కు పంపండి. ఒకే పేరుతో రెండు మూడు రకాల ప్యానెళ్లు వస్తుంటాయి, తేడా ఆ చివరి అక్షరాల్లోనే ఉంటుంది. చూసి చెప్తాం, డబ్బులేమీ తీసుకోం.

షాపుకు వచ్చేటప్పుడు మీరు రోజూ వాడే ఫైలొకటి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. అది మా మెషీన్‌లో తెరిచి చూశాకే బిల్లు వేద్దాం. శనివారం సాయంత్రం రద్దీగా ఉంటుంది, వారం మధ్యలో వస్తే తీరిగ్గా చూపిస్తాం.