నానోబాడీల వేటలో ఎర సంగతి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. వ్యాధికి కారణమైన ఆ ప్రోటీన్‌ను ఇన్నాళ్లకు శుద్ధంగా చేతికి తెచ్చుకున్నావు. దానికి అతుక్కునే నానోబాడీలను, అంటే ప్రతిరక్షకాల (యాంటీబాడీల) నుంచి విడదీసిన చిన్న ముక్కలను, ఎలా పట్టాలో, జంతువుకు ఇంజెక్షన్లు ఎప్పుడు మొదలుపెట్టించాలో రాయమన్నావు. ఇంజెక్షన్ల కంటే ముందు నీకు చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఈ వేటలో ప్రోటీన్‌ను నువ్వు ఏ రూపంలో ఎరగా పెడతావో, ఆ రూపాన్ని పట్టుకునేవే నీ చేతికి వస్తాయి. ఇది నేను కొన్ని నెలల శ్రమ పోగొట్టుకుని నేర్చుకున్నాను కనుక కాస్త వివరంగానే రాస్తాను.

మామూలు ప్రతిరక్షకంలో రెండు భారీ గొలుసులు, రెండు తేలిక గొలుసులు ఉంటాయని నీకు తెలుసు. ఒంటె, లామా, అల్పాకాల రక్తంలో వాటితో పాటు తేలిక గొలుసులు అసలే లేని ప్రతిరక్షకాలు కూడా తిరుగుతూ ఉంటాయి. బ్రస్సెల్స్‌లో రేమండ్ హామర్స్ బృందం వీటిని గుర్తించి 1993లో నేచర్ పత్రికలో ప్రకటించింది. ఆ భారీ గొలుసు కొనన ఉండి, లక్ష్యాన్ని పట్టుకునే ఒక్క భాగాన్ని విడదీస్తే అదే నానోబాడీ. పూర్తి ప్రతిరక్షకం సుమారు 150 కిలోడాల్టన్లు ఉంటే ఇది 15 మాత్రమే. మామూలు ప్రతిరక్షకంలో తేలిక గొలుసు ఆనుకునే చోట నీటికి పొసగని అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఇందులో ఆ చోట చాలావరకు నీటితో కలిసిపోయేవి ఉండటం వల్ల ఇది ఒంటరిగా ఉన్నా ముద్దకట్టదు. లక్ష్యాన్ని తాకే మూడు ఉచ్చుల్లాంటి వంపుల్లో మూడో ఉచ్చు తరచుగా పొడవుగా ఉండి, ఎంజైముల లోతైన గుంటల్లోకి కూడా వేలు పెట్టినట్టు దూరగలదు. ప్రకృతి ఇంత పొదుపుగా కట్టిన వస్తువును ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఇంజెక్షన్ల భాగం సూటిగానే సాగుతుంది. ప్రతిసారీ వంద మైక్రోగ్రాముల ప్రోటీన్ చొప్పున వారానికొకటిగా ఆరు వారాలు ఇవ్వడం చాలాచోట్ల ఆనవాయితీ. చివరి ఇంజెక్షన్ అయిన కొద్ది రోజులకు రక్తం తీసి, అందులోని లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) నుంచి ఆర్‌ఎన్‌ఏ రాబట్టి, దాన్ని డీఎన్‌ఏగా మార్చి పీసీఆర్ (కావలసిన డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు పెంచే పద్ధతి) చేస్తారు. ఆ తర్వాత, డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద కనిపించే దృశ్యం నాకు చాలా ఇష్టం. మామూలు ప్రతిరక్షకాల నుంచి వచ్చిన పట్టీ 900 బేస్ జతల దగ్గరా, మనకు కావలసినది దానికి దిగువన 700 దగ్గరా మెరుస్తూ ఉంటాయి. బ్లేడుతో ఆ కింది పట్టీని మాత్రమే కోసుకోవాలి. పైదాని తునక పొరపాటున వెంట వచ్చినా తర్వాత లైబ్రరీలో (నానోబాడీ జన్యువుల సేకరణలో) పనికిరాని సరుకు పేరుకుంటుంది. ఆ ముక్క నుంచి రెండో పీసీఆర్‌తో 400 బేస్ జతల జన్యువును తీసి, ఫేజ్‌మిడ్ అనే డీఎన్‌ఏ వాహకంలో అతికించి, ఈ.కోలై బాక్టీరియాలోకి ఎక్కిస్తారు. కోటి నుంచి పది కోట్ల వరకు వేర్వేరు బాక్టీరియా క్లోన్లు దొరికితే మంచి లైబ్రరీ అయినట్టే.

ఇక అసలు పని ఫేజ్ ప్రదర్శన. జార్జ్ స్మిత్ 1985లో చూపించిన ఈ ఉపాయానికి 2018లో రసాయన శాస్త్రపు నోబెల్‌లో వాటా దక్కింది. బాక్టీరియాను మాత్రమే సోకే వైరస్ (ఫేజ్) తన ఒంటి మీద ఒక నానోబాడీని మోస్తుంది, దాని జన్యువును కడుపులో దాచుకుంటుంది. కాబట్టి లక్ష్యాన్ని పట్టుకున్న వైరస్‌ను పట్టుకుంటే, దాన్ని తయారుచేసే సూచన కూడా మనకు దొరికినట్టే. లక్ష్య ప్రోటీన్‌తో ఫేజ్‌లను కలిపి, అంటనివాటిని బఫర్‌తో కడిగేసి, అంటినవాటిని క్షార ద్రావణంతో ఊడదీసి, వెంటనే తటస్థం చేసి, మళ్లీ బాక్టీరియాలో పెంచుతాం. చేటలో ధాన్యాన్ని చెరిగినట్టు ఈ పనిని రెండు మూడు సార్లు చేస్తే పొల్లు పోయి గింజ మిగలాలి.

నా మొదటి ప్రయత్నంలో పొల్లే మిగిలింది. నా లక్ష్యం కణం ఉపరితలం మీద ఉండే ఒక గ్రాహకం వెలుపలి భాగం. దాన్ని నేరుగా ప్లాస్టిక్ ప్లేటుకు పూసి, మూడు సార్లు చెరిగి, విడి కాలనీలను ఎలైసాలో (అంటుకున్నదాన్ని రంగు మార్పుతో చూపే పరీక్షలో) పరీక్షించాను. ఆమ్లం చుక్క పడగానే వరుస తరువాత వరుసగా ప్లేటులోని గుంటల్లో (వెల్స్‌లో) ఉన్న నీలి రంగు చిక్కటి పసుపుగా మారిపోయింది. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. ఆ నానోబాడీలను శుద్ధి చేసి, అదే గ్రాహకం ఉన్న బతికున్న కణాలకు కలిపి ఫ్లో సైటోమీటర్‌లో (కణాలను ఒక్కొక్కటిగా కాంతితో పరీక్షించే యంత్రంలో) చూస్తే ఒక్కటి కూడా అంటలేదు. కారణం వెతకడానికి నాకు మూడు వారాలు పట్టింది. ప్లాస్టిక్‌కు అతుక్కునే తొందరలో ప్రోటీన్ మడతలు విప్పుకుని, సహజంగా లోపల దాగి ఉండే భాగాలను బయటపెట్టింది. నేను ఏరిందల్లా ఆ విప్పుకున్న రూపానికి అంటేవాటినే. ఎలైసా కూడా అదే ప్లాస్టిక్ మీద చేశాను కనుక అది నా పొరపాటును పొరపాటుగా చూపలేకపోయింది.

రెండోసారి ప్రోటీన్ ఒక కొనకు మాత్రమే బయోటిన్ అనే చిన్న విటమిన్ అణువును తగిలించి, ద్రావణంలో స్వేచ్ఛగా ఉండగానే ఫేజ్‌లతో కలిపి, ఆ తర్వాత, బయోటిన్‌ను గట్టిగా పట్టే స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ పూసిన అయస్కాంత బీడ్లతో బయటికి లాగాను. అంతకుముందే ఫేజ్‌లను ఖాళీ బీడ్ల మీద తిప్పి, బీడ్లకే అంటుకునేవాటిని తొలగించాను. ఒక్క విషయం మరవకు: బయోటిన్ వాడే రోజున బ్లాకింగ్‌కు (ఫేజ్‌లు అక్కరలేని చోట అంటకుండా ఆపడానికి) పాలపొడి వద్దు. పాలలో సహజంగా ఉండే బయోటిన్ స్ట్రెప్టావిడిన్ స్థానాలను నీ ఎర కంటే ముందే ఆక్రమించుకుంటుంది. ప్రతి విడతలో ఎర గాఢతను తగ్గిస్తూ, కడిగే సమయాన్ని పెంచుతూ పోతే గట్టి పట్టు ఉన్నవే నిలుస్తాయి. ఈసారి తక్కువ వెల్స్ పసుపెక్కాయి కానీ వాటిలో సగానికి పైగా నానోబాడీలు బతికున్న కణాలను పట్టుకున్నాయి.

ఎరను శ్రద్ధగా సిద్ధం చేస్తే ఏమి సాధ్యమో, అడ్రినలిన్‌ను పట్టుకునే బీటా-2 అడ్రినెర్జిక్ గ్రాహకం కథలో కనిపిస్తుంది. బ్రయన్ కోబిల్కా, యాన్ స్టేయార్ట్ బృందాలు ఆ గ్రాహకాన్ని ఉత్తేజపరిచే మందుతో సహా కొవ్వు పొరల గోళికల్లో అమర్చి లామాకు ఇచ్చాయి. అందులో దొరికిన ఎన్‌బీ80 అనే నానోబాడీ గ్రాహకాన్ని చురుకైన భంగిమలోనే పట్టి ఉంచగా, 2011లో దాని స్ఫటిక నిర్మాణం బయటపడింది. కాసేపే నిలిచే భంగిమను ఒక చిన్న ప్రోటీన్ అలా పట్టి ఆపడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే తోస్తుంది.

నీ ప్రోటీన్ జంతువు శరీరపు వేడికి తట్టుకోలేనిదైతే, లేదా విషపూరితమైనదైతే, ఇంజెక్షన్ల జోలికే వెళ్లవద్దు. ఉచ్చులను ప్రయోగశాలలోనే రకరకాలుగా మార్చి కట్టిన కృత్రిమ లైబ్రరీలు ఉన్నాయి. వాటిని ఈస్ట్ కణాల ఉపరితలం మీద ప్రదర్శిస్తే, ఏ కణం ఎంత గట్టిగా పట్టుకుందో సైటోమీటర్‌లో చూస్తూనే ఏరుకోవచ్చు. ఎర ఎప్పుడూ ద్రావణంలోనే, చల్లగానే ఉంటుంది. జంతువులో పరిణతి చెందిన నానోబాడీల పట్టు మొదటి నుంచే మెరుగ్గా ఉంటుందని నా అనుభవం, కానీ చెదిరిపోయిన ఎరతో ఆ మేలు దక్కదు.

దొరికినవాటి డీఎన్‌ఏ వరుసలు చదివించి, మూడో ఉచ్చు పోలికను బట్టి కుటుంబాలుగా విడదీసి, ఒక్కొక్క కుటుంబం నుంచి ఒకటి రెండింటిని మాత్రం బాక్టీరియాలో తయారు చేసుకో. ఉపరితల ప్లాస్మాన్ రెజొనెన్స్‌లో (అణువులు అంటుకోవడాన్ని, విడిపోవడాన్ని కొలిచే పద్ధతిలో) అంటుకునే వేగం కంటే విడిపోయే వేగాన్ని ముందు చూడు. మందుగా పనికివచ్చేవి నెమ్మదిగా విడిపోయేవే. చిన్న అణువు కనుక మూత్రపిండాలు దీన్ని త్వరగా వడకట్టేస్తాయి; అందుకే రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకునే మరో నానోబాడీని జోడించడం వాడుక. ఈ దారిన వచ్చిన తొలి మందు కాప్లసిజుమాబ్. రక్తనాళాల్లో అక్కరలేని గడ్డలు కట్టే ఒక అరుదైన వ్యాధికి 2018లో ఐరోపాలో దానికి అనుమతి లభించింది. అది వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ను పట్టుకుని, ప్లేట్‌లెట్లు దానికి అంటకుండా ఆపుతుంది.

ఇప్పుడు నీ పని ఒక్కటే. జంతువుల వైద్యుడికి కబురు పెట్టకముందే, నీ ప్రోటీన్‌ను ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసే సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ మీద మరొకసారి నడిపి, ఒకే శిఖరం వస్తున్నదో లేదో, ఒక వారం ఫ్రిజ్‌లో ఉంచాక కూడా అదే శిఖరం నిలుస్తున్నదో లేదో చూడు. బయోటిన్‌ను ఏ కొనకు తగిలించాలని అనుకుంటున్నావో, వ్యాధికి కారణమయ్యే ముఖం ఆ కొనకు ఎంత దూరమో కూడా రాయి. ఆ బొమ్మ నా ముందుంటే, మొదటి విడతలో ఎంత గాఢత పెట్టాలో, ఎన్నిసార్లు కడగాలో వచ్చే ఉత్తరంలో లెక్క వేసి పంపుతాను.

నీ స్నేహితుడు