ఏటి మీద కాలువ

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఎనిమిదో తరగతిలో "మన పి.గన్నవరం కాలువ వైనతేయను ఎలా దాటుతోంది?" అని అడిగాను. రోజూ సైకిలు మీద అక్విడక్టు (కాలువ వంతెన) దాటి బడికొచ్చే పిల్లలు కూడా నోరు మెదపలేదు. తప్పు వాళ్లది కాదు, మేమే ఎప్పుడూ చెప్పలేదు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి విడివడిన పాయే మన వైనతేయ. ఈ రెండింటికీ సముద్రానికీ మధ్య ఉన్నది నగరం లంక. చుట్టూ నీళ్లే, చేలకు మాత్రం చుక్క లేదు. 1833 నాటి కరువు చూశాక కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అయితే బొబ్బర్లంక నుంచి వచ్చే కాలువకు మధ్యలో ఏరు అడ్డం! కాటన్ దొర కింద పనిచేసిన హెయిగ్ అనే ఇంజనీరు 49 కమానులు కట్టి, వాటి మీదుగా కాలువను అవతలి ఒడ్డుకు చేర్చాడు. కింద ఏరు, పైన కాలువ. అవతల సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) పండడానికి ఆధారం ఆ కాలువే.

తర్వాత కట్టిన అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841లో మండపేటలో పుట్టి, జోగన్న గారి ఇల్లాలిగా లంకల గన్నవరం వచ్చారు. ఏరు దాటే బాటసారులకు వేళ కాని వేళలో కూడా వండి పెట్టారు. 1909లో కన్నుమూశారు. బ్రిటిష్ చక్రవర్తి పట్టాభిషేకానికి ఆవిడ ఫొటో తెప్పించుకున్నారనే కథ మీ ఇంట్లో ముసలమ్మలు నాకన్నా బాగా చెబుతారు. 2024 నుంచి మన బడి భోజనానికి కూడా ఆవిడ పేరే.

ఈసారి ఇంటిపని మీకు కూడా ఉంది. 1986 వరద మీ గోడ మీద ఎంత దాకా వచ్చిందో పెద్దవాళ్లను చూపించమనండి, పిల్లలు టేపుతో కొలుస్తారు. 1996 తుపానుకు మీ తోటలో ఎన్ని కొబ్బరి చెట్లు పడ్డాయి? 2011లో సార్వా ఎందుకు వేయలేదు? ఈ మూడోదానికి ఇంటికో జవాబు వస్తుందని తెలుసు, అన్నీ రాయించండి. మురుగు కాలువల సంగతి, కూలి రేట్లు, ధాన్యం ధర, దేన్నీ వదలొద్దు.

పాత శిస్తు రసీదులుంటే ఫొటో చాలు, అసలు కాగితం పిల్లల చేతికివ్వకండి. కాలువ నిండుగా పారుతోంది, గట్టు మీద సైకిలు దిగి నడవమని మరోసారి చెప్పండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు