ఓడ డాక్‌లోకి వెళ్ళేముందే పడకలు చూడండి

అమెరికా నేవీ సెక్రటరీ గారికి,

నమస్కారం. మా అబ్బాయి మీ నేవీలో పనిచేస్తున్నాడు. వాడి ఓడ వచ్చే ఏడాది పెద్ద రిపేరుకు వెళుతుందట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. రిపేరు జరిగినన్నాళ్ళూ వాడు ఎక్కడ పడుకుంటాడు?

ఈ టెన్షన్ ఊరికే రాలేదు. జార్జ్ వాషింగ్టన్ విమానవాహక నౌక 2017 నుంచి 2023 దాకా వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్ ఓడల కార్ఖానాలో రిపేరులోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో, ఒక్క వారంలో, ఆ ఓడ నావికులు ముగ్గురు ప్రాణాలు తీసుకున్నారు. ఓడలో బతుకే దానికి కారణమని నేను అనను, అది తేల్చాల్సింది నేను కాదు. కానీ రాత్రీ పగలూ రొద మధ్యే కొందరు ఆ ఓడలో ఉంటున్నారన్న సంగతి అప్పుడే లోకానికి తెలిసింది. ఆ తర్వాత 200 మందికి పైగా బయటికి మార్చారు. అంటే చోటు ఉంది. ముందే చూడలేదు, అంతే.

మీ నేవీకి ఇది తెలియని పని కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ట్యాంకులు మోసే ఓడల నమూనా మీదే, మనుషులు ఉండటానికి బెనివా తరగతి బ్యారక్ ఓడలు కట్టారు. ఒక్కోదాని పొడవు 328 అడుగులు. వాటిలో మూలనపడ్డ బెనివా అనే ఓడను 1967లో, వియత్నాం యుద్ధం జరుగుతున్నప్పుడు, మళ్ళీ సేవలోకి తీసుకుని అక్కడి మెకాంగ్ డెల్టాకు పంపారు. తొమ్మిదో పదాతిదళ డివిజన్ సైనికులు రోజుల తరబడి బురదలో నడిచి, పడవల్లో దాని దగ్గరికి తిరిగివచ్చేవాళ్ళు. పక్కన కట్టిన తేలే వేదిక మీదే ఒంటి బురద కడుక్కుని, తుపాకులు శుభ్రం చేసుకుని ఓడ ఎక్కేవాళ్ళు. లోపల స్నానం, వేడి అన్నం, పొడి పరుపు. నీళ్ళలో నాని చర్మం ఊడొచ్చే పాదాలు ఆరడానికి టైమిచ్చేవాళ్ళు. ఆరిన పాదాలతోనే మళ్ళీ బురదలోకి. యుద్ధం మధ్యలో అంత పట్టించుకున్నారు! ఆ ఓడల్లోనే ఒకటైన కాలటన్‌లో ఆస్పత్రి కూడా పెట్టారు.

అదే తరగతి మెర్సర్, న్యూసెస్ తర్వాత జపాన్ వెళ్ళాయి. ఒకటి ససెబోలో, ఒకటి యొకొసుకలో, రిపేరులో ఉన్న ఓడల సిబ్బందికి ఏళ్ళ తరబడి నీడనిచ్చాయి. వాటి పేరు మీద గెలిచిన యుద్ధాలేమీ లేవు. వాటిలో పడుకుని లేచి డ్యూటీకి వెళ్ళిన వాళ్ళు మాత్రం వేలల్లో ఉన్నారు.

ఇప్పుడు మీ దగ్గర 600 మందికి పైగా పట్టే కొత్త తేలే వసతి నౌకలున్నాయి. నేను అడిగేది ఒక్కటే. పెద్ద రిపేరుకు వెళ్ళే ప్రతి ఓడకూ, డాక్‌లోకి చేరకముందే, అందులో ఉండే వాళ్ళందరికీ బయట పడకలు ఖాయం చేయండి. ఎంతమందికి దొరికాయో, ఎంతమందికి దొరకలేదో కుటుంబాలకు రాతపూర్వకంగా చెప్పండి. మా అబ్బాయి ఓడకు ఇంకా ఏడాది టైముంది.

ఇట్లు,
ఒక నావికుడి తల్లి