వార్షిక నివేదిక: బండి ఆగే చోటు, బండి వచ్చే వేళ

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక పంపాలని మన నియమావళిలో ఉంది, అందుకే రాస్తున్నాను. ఆ నియమం లేకపోయినా ఈ ఏడాది రాసి ఉండేదాన్ని. ఈసారి జరిగిన పని నిజంగా చెప్పుకోదగ్గది. చేసినవాళ్లలో చాలామంది సమావేశాల్లో వెనక వరసలో కూర్చుని మాట్లాడకుండా వెళ్లిపోతారు, వాళ్ల కష్టం ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలి. నగరంలో సరుకు రవాణా పొగ, మోత, రద్దీ తగ్గించుకుని సాగాలన్న మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి ఎక్కువ వెళ్లడం లేదు.

ఏడాది మొదట్లోనే కమిటీలో గట్టి చర్చ జరిగింది. డీజిల్ వ్యాన్లు పోయి ఎలక్ట్రిక్ వ్యాన్లు వస్తే చాలు, మన శక్తి అంతా దాని మీదే పెడదామని కొందరన్నారు. పొగ వరకూ వాళ్ల మాట నిజమే. నెదర్లాండ్స్‌లో 2025 జనవరి నుంచి చాలా నగరాల నడిబొడ్డున సరుకు బండ్ల కోసం సున్నా ఉద్గారాల మండలాలు, అంటే పొగ వదిలే బండ్లను క్రమంగా ఆపేసే ప్రాంతాలు మొదలయ్యాయి, అలాంటివి అన్నిచోట్లా రావాలనే మనమూ కోరుకుంటాం. కానీ రోడ్డు మధ్యలో ఆపేస్తే ఎలక్ట్రిక్ వ్యాన్ వెనకైనా బస్సు ఆగిపోవాల్సిందే కదా. సియాటెల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు డెలివరీ బండ్ల ట్రిప్పులు పరిశీలిస్తే, సగటున 28 శాతం సమయం బండి ఆపే చోటు వెతుక్కోవడానికే పోతోందని తేలింది. లండన్ నడిబొడ్డున పార్సిల్ వ్యాన్ల వెంట తిరిగి చూసినవాళ్లకు ఇంకో సంగతి కనిపించింది: రౌండు మొత్తంలో దాదాపు 60 శాతం సేపు బండి ఎక్కడో పక్కన ఆగే ఉంటోంది, డ్రైవరు మాత్రం రౌండుకు సుమారు 8 కిలోమీటర్లు నడుస్తున్నాడు. ఈ రెండూ కమిటీ ముందు పెట్టాక చర్చ ఒక కొలిక్కి వచ్చింది. బండి దేనితో నడుస్తుందన్నది ఎంత ముఖ్యమో ఎక్కడ ఆగుతుంది, ఎప్పుడు వస్తుంది, ఎంత నిండి వస్తుంది అన్నవీ అంతే ముఖ్యం, పైగా వాటిలో మనలాంటి చిన్న సంఘం చేయగలిగింది ఎక్కువ. ఈ ఏడాది పనంతా ఆ దారిలోనే సాగింది.

మొదటిది లెక్కింపు. ఒక రద్దీ వీధి ఎంచుకుని తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా వంతులవారీగా నిలబడి వచ్చిన ప్రతి సరుకు బండినీ రాసుకున్నాం. ఎప్పుడు వచ్చింది, ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఉంది, తలుపు తీసినప్పుడు లోపల ఎంత లోడు కనిపించింది, సరుకు చేతుల మీద వెళ్లిందా ట్రాలీ మీదా. లోడింగ్ కోసం గీత గీసిన చోట పొద్దున్నుంచీ సొంత కార్లే ఉన్నాయి, సరుకు బండ్లన్నీ రోడ్డు మీదే ఆగాయి. నాకు బాగా గుర్తుండిపోయింది ఒక డ్రైవరు. ట్రాలీ మీద నాలుగు పెట్టెలు పేర్చుకుని వచ్చాడు, ఫుట్‌పాత్ అంచు దగ్గర ముందు చక్రాలు ఎక్కలేదు. ట్రాలీని వెనక్కి తిప్పి, తను ముందు పైకెక్కి, నడుం వంచి రెండు చేతులతో లాగాడు. పై పెట్టె జారబోతే గడ్డంతో ఆపుకున్నాడు. పది అడుగుల అవతల ఒక చిన్న వాలు ఉంది కానీ దానికి అడ్డంగా స్తంభం పాతారు. ఆ మనిషి ఒక్క గంటలో అదే అంచు దగ్గర అదే పని ఆరుసార్లు చేశాడు. సుస్థిర రవాణా అని మనం పెద్ద పెద్ద మాటలు వాడుతుంటాం, నాకు ఆ రోజు నుంచి ఆ మాట వినగానే ఆ గడ్డమే గుర్తొస్తోంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది రాత్రి దింపుడు ప్రయోగం. పగలు రోడ్డు నిండిపోతోంది కాబట్టి సరుకు రాత్రి రావాలనే ఆలోచన కొత్తదేం కాదు, జూలియస్ సీజర్ కాలంలోనే రోమ్‌లో పగటివేళ బరువు బండ్లు నగరంలోకి రాకూడదని చట్టం చేశారు, దాంతో రాత్రిళ్లు చక్రాల మోతకు జనానికి నిద్ర కరువైంది. ఆ చిక్కు ఇప్పటికీ అలాగే ఉంది. డచ్చివాళ్లు 1990ల చివర్లో దీన్ని మోత దగ్గర నుంచే పట్టుకున్నారు. వాళ్లు పీక్ అని పిలిచే ప్రమాణం ప్రకారం, రాత్రి 11 దాటాక సరుకు దింపేటప్పుడు ఏడున్నర మీటర్ల దూరంలో చప్పుడు 60 డెసిబెల్స్ మించకూడదు. మనమూ అదే కొలత పెట్టుకున్నాం. ముందుగా వీధిలో ఇంటింటికీ వెళ్లి చెప్పాం, ఒప్పుకున్నవాళ్లను కిటికీలు తెరిచి వినమన్నాం. వ్యాన్ అడుగున రబ్బరు షీటు పరిచాం, ట్రాలీకి గట్టి చక్రాలు తీసి మెత్తనివి వేశాం, బండి వెనక్కి వచ్చేటప్పుడు హెచ్చరిక మోగే పని లేకుండా నేరుగా ముందుకు వచ్చి ముందుకే పోయేలా దారి మార్చాం. హమాలీలు నలుగురూ మాట్లాడుకోకుండా టార్చి లైటుతో సైగలు చేసుకున్నారు.

అన్నీ చూసుకున్నాం కానీ షట్టర్ సంగతి మర్చిపోయాం. దింపుడంతా చప్పుడు కొలిచే మీటర్‌లో గీత లోపలే ఉంది, చివర్లో షట్టర్ లాగగానే వీధి మొత్తం లేచింది. మర్నాడు పట్టాలకు గ్రీజు పెట్టి, కింద పడేచోట రబ్బరు అతికించి అదే రాత్రి మళ్లీ చేశాం. పొద్దున మూడో అంతస్తు పెద్దావిడ నన్ను పిలిచి, నిన్న రాలేదేమమ్మా అని అడిగారు. మొదట్లో అందరికంటే గట్టిగా వద్దన్నది ఆవిడే. నిన్ననే వచ్చి దింపి వెళ్లారని చెప్తే నమ్మలేదు, మీటర్ చూపించాం.

రాత్రి సరుకుకు ఇంకో అడ్డంకి తాళం. దుకాణం తెరవడానికి ఒక మనిషి మేలుకుని ఉండాలంటే ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? న్యూయార్క్‌లో 2009–10లో చేసిన ప్రయోగంలో ఇదే బయటపడింది. సరుకు అందుకోవడానికి సిబ్బందిని కూర్చోబెట్టినవాళ్లు ప్రయోగం అయ్యాక పగటివేళకే తిరిగి వెళ్లిపోయారు. డ్రైవరును నమ్మి తాళం ఇచ్చినవాళ్లు దాదాపు అందరూ రాత్రివేళల్లోనే కొనసాగారు. మన వీధిలో ఇప్పటికి ఇద్దరు తాళం ఇచ్చారు. వచ్చే ఏడాది మనం ఒప్పించాల్సింది లారీ యజమానులను కాదు, సరుకు తెప్పించుకునేవాళ్లను. చాలా దుకాణాల సరుకు ఒకేచోట దింపి అక్కడి నుంచి పంచే ఉమ్మడి గోదాముల విషయంలోనూ కథ ఇదే. సర్కారు సాయంతో మొదలైనవి ఆ సాయం ఆగగానే మూతపడటం యూరప్‌లో చాలాచోట్ల జరిగింది. 2008లో నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్ నగరంలో మొదలుపెట్టినవాళ్లు మాత్రం దుకాణదారుల దగ్గరికి వెళ్లి, మీ డెలివరీ చిరునామాగా మా గోదాము రాయండి చాలు అన్నారు. చిరునామా మారితే పెద్ద లారీలు ఊరి బయటే ఆగుతాయి, అక్కడి నుంచి సరుకు చిన్న బండ్లలో, సైకిళ్లలో నిండుగా లోపలికి వస్తుంది.

అలాంటి గోదాము మనకూ చిన్నది ఒకటి కావాలని, వాడకుండా పడి ఉన్న పార్కింగ్ స్థలంలో ఒక మూల ఇమ్మని అధికారులను అడిగాం. పారిస్‌లో 2013లో ఇలాగే పాత కార్ పార్కింగ్‌ను పార్సిళ్ల కేంద్రంగా మార్చిన ఉదాహరణ కూడా అర్జీకి జత చేశాం. తొమ్మిది నెలలు తిరిగాం. రవాణా విభాగం స్థలాల విభాగానికి పంపింది, వాళ్లు ప్రణాళిక విభాగానికి పంపారు, చివరికి మా అర్జీ మాకే వచ్చింది, ఏ విభాగానికి చెందుతుందో స్పష్టం చేయమని. సరుకు రవాణా ఎవరి బల్ల మీదా లేదన్నదే మన ఫిర్యాదు అయినప్పుడు ఆ ప్రశ్న మమ్మల్ని అడిగితే ఎలా? ఫుట్‌పాత్ వాలు, అడ్డంగా ఉన్న స్తంభం గురించి ఫొటోలతో మూడు ఉత్తరాలు రాశాం, అందినట్టు కూడా జవాబు లేదు. నాకు కోపం కంటే దిగులెక్కువ, ఎందుకంటే ఆ స్తంభం పీకడం ఒక్క పూట పని.

సభ్యులతోనూ ఒక మాట చెప్పాలి. లెక్కింపుకు వస్తామని గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లు నలభై మంది దాటారు. తెల్లవారుజామున వచ్చింది ఏడుగురు. మధ్యాహ్నం వంతువాళ్లు రాకపోవడంతో పొద్దున వచ్చినవాళ్లే ఎండలో తిండి కూడా లేకుండా సాయంత్రం దాకా నిలబడ్డారు. రాలేకపోతే ముందు రోజు ఫోన్ చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు, చెప్పకుండా మానేస్తేనే ఇబ్బంది. కమిటీలోనూ మూడు సమావేశాలు కోరం లేక వాయిదా పడ్డాయి.

లెక్కలు ఆడిటర్ చూశారు, కోశాధికారి సమావేశంలో చదువుతారు. చందాలు మామూలుగానే వచ్చాయి, ఖర్చులో ఎక్కువ భాగం చప్పుడు మీటర్ అద్దె, ట్రాలీ చక్రాలు. సంఘం సరుకు సైకిల్ బ్యాటరీ మార్పించాల్సి వచ్చింది, దానికి కమిటీ ఆమోదం తర్వాత తీసుకున్నాం, అభ్యంతరం ఉంటే అడగండి.

ఇక కృతజ్ఞతలు. రెండు రాత్రులు అదనపు కూలి అడగకుండా వచ్చిన హమాలీలకు, తన వ్యాన్‌కు మేం ఏం చేస్తామన్నా సరేనన్న డ్రైవరుకు, తాళాలు ఇచ్చిన ఇద్దరికీ, కిటికీలు తెరిచి విన్న ప్రతి ఇంటికీ, లెక్కింపు కాగితాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఇద్దరు విద్యార్థులకు, సైకిల్ పాడైన ప్రతిసారీ దుకాణం వదిలి వచ్చిన మెకానిక్‌కు, ఆ ఏడుగురికీ రెండుసార్లు. ఉత్తరాలన్నీ టైపు చేసిపెట్టిన సహాయ కార్యదర్శికి, ఈ నివేదికలో తప్పులు దిద్దిన ఉపాధ్యక్షులకు కూడా. ఎవరినైనా మర్చిపోయి ఉంటే మన్నించండి, సమావేశంలో చెప్పండి, మినిట్స్‌లో రాయిస్తాను.

రెండో లెక్కింపు సమావేశం తర్వాత వచ్చే మొదటి సోమవారం, అదే వీధిలో. ఈసారి గ్రూపులో గుర్తులు పెట్టడం కుదరదు. సమావేశం హాలు గుమ్మం దగ్గర రిజిస్టర్ ఉంటుంది, మీ పేరు, వంతు సమయం, ఫోన్ నంబరు స్వయంగా రాసి వెళ్లండి. తెల్లవారుజాము వంతుకు ఇప్పటికి ముగ్గురున్నారు, ఇంకా ఐదుగురు కావాలి.

— కార్యదర్శి