తల్లుల సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే. ఈ ఏడాది పనంతా దాదాపు ఒక్క బాధ చుట్టూనే తిరిగింది. గుడ్డ డైపర్లు వాడే పసిపిల్లలకు తొడల దగ్గర, పిర్రల మీద చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా కందిపోతోంది.

గర్వంగా చెప్పుకోవాల్సింది కమ్యూనిటీ హాల్లో పెట్టిన ఉతుకుడు కార్యక్రమం. ఇంట్లో ఉతికి, ఆరేసి, మడతపెట్టిన గుడ్డలే తెమ్మన్నాం. వాటిని బకెట్ మంచినీళ్లలో వేసి పిసికితే నురగ తేలింది. "ఈ సబ్బులోనేనా మా బుడ్డోణ్ణి ఇన్నాళ్లూ పడుకోబెట్టింది!" అంటూ ఒక అమ్మమ్మ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నీళ్లు తేటపడేదాకా జాడించడం, గుడ్డలు మెత్తబడటానికి వేసే సాఫ్ట్‌నర్ మానేయడం (అది పడితే గుడ్డ తడి పీల్చదు), ఎండలో ఆరేయడం, ముసురు రోజుల్లో ఇస్త్రీ చేసి తడి లేకుండా చేసుకోవడం అక్కడే చేసి చూపించాం. గుడ్డ మీద ప్లాస్టిక్ జాంగ్యా తొడిగితే తడీ వేడీ లోపలే ఉండిపోతాయని కూడా చెప్పాం.

పిల్లల డాక్టరు గారు ఫీజు తీసుకోకుండా వచ్చారు. మూత్రం, మలం కలిసి చర్మం మీద నిలిస్తేనే మంట ఎక్కువవుతుందన్నారు. రెండు మూడు గంటలకోసారి గుడ్డ మార్చాలి, విరేచనమైతే వెంటనే మార్చాలి. మామూలు నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, కాసేపు గాలికి వదిలేయాలి. తర్వాత జింక్ ఆక్సైడ్ అనే తెల్లటి పూతమందు మందంగా రాయాలి. ఆ జిడ్డు డైపర్‌కు అంటకుండా మధ్యలో పలచటి నూలుగుడ్డ వేస్తే చాలు. పౌడర్ మాత్రం వద్దు, పిల్లలు పీల్చేస్తారు. మడతల్లోనూ ఎర్రబడి, చుట్టూ చిన్న చుక్కలు లేస్తే అది ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరే. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, చీము, జ్వరం కనిపించినా డాక్టరుకు చూపించాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాయకండి. గుడ్డ కింద అవి ఇంకా ఎక్కువగా ఇంకి లేత చర్మాన్ని పలచబరుస్తాయి. ఎన్నిసార్లు చెప్పినా ఇది ఆగడం లేదు, నాకు అదే టెన్షన్.

ఇళ్లకు వెళ్లి చెప్పడానికి పేర్లిచ్చిన వాళ్లలో చాలామంది వానలు మొదలయ్యాక ఫోనే ఎత్తలేదు. పిల్లలకు రాషెస్ ఎక్కువయ్యేది అప్పుడే కదా! చివరికి ముగ్గురమే తిరిగాం. అంగన్‌వాడీ దగ్గర కుళాయి కోసం ఇచ్చిన అర్జీకి ఇప్పటికీ జవాబు లేదు. జాడించమని చెప్పే చోటే నీళ్లు లేకపోతే తల్లులకు ఏం ముఖం చూపించాలి?

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. బకెట్లు, పూత ట్యూబులు, కుట్టుకూలి తప్ప పెద్ద ఖర్చేమీ లేదు.

డాక్టరు గారికి, ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచరు గారికి, హాలు ఇచ్చిన కాలనీ పెద్దలకు, పాత చీరలిచ్చిన అక్కచెల్లెళ్లకు, వాటిని గుడ్డలుగా కుట్టిన పెద్దమ్మలకు పేరుపేరునా కృతజ్ఞతలు. కుట్టిన గుడ్డలు ఇంకో సంచి నిండా ఉన్నాయి. మీటింగ్ అయ్యాక అవసరమైన వాళ్లు తీసుకెళ్లండి, వాడే ముందు ఒకసారి జాడించండి.

ఇట్లు,
కార్యదర్శి