గేరొక్కటి అరిగితే స్ప్రింగులన్నీ మార్చాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారిలో చాలామందికి గ్యారేజీ తలుపు స్ప్రింగు సంగతి అది విరిగిన రోజునే తెలుస్తుంది. తలుపు పైన షాఫ్టుకు ఉండే ఆ స్ప్రింగే బరువంతా మోస్తుంది. మోటారుది సాయం మాత్రమే. సాధారణ స్ప్రింగును సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికి సరిపడేలా తయారుచేస్తారు కనుక, రోజుకు నాలుగుసార్లు తలుపు తీసే ఇంట్లో దాని ఆయుష్షు ఏడేళ్లే.

దీన్ని బిగించాలంటే రెండు ఇనుప కడ్డీలను స్ప్రింగు చివర ఉండే కోను అనే బిళ్ల రంధ్రాల్లో మార్చి మార్చి దూర్చి తిప్పాలి. కడ్డీ జారితే చేయి విరగవచ్చు. ఆ ప్రమాదాన్ని తగ్గించడానికే డ్రిల్లుతో తిప్పే గేరు పనిముట్లు వచ్చాయి. మా దగ్గరున్న అలాంటి పనిముట్టు తయారీని కంపెనీ ఆపేసింది. అందులో అరిగింది అరచేతిలో ఇమిడే గేరొక్కటే అయినా, అది విడిగా దొరకదని, స్ప్రింగుల అమరిక మొత్తం మార్చుకోవాలని సమాధానం వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లోనైతే అరిగిన గేరు చూపించి కొత్తది చేయించుకోవచ్చు. ఇక్కడ ఒక్క గేరు కోసం లేత్ పట్టేవారు దొరకడం కష్టం.

భారత వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. కొన్న వస్తువును బాగుచేయించుకునే వీలు కొన్నవారికి ఉండాలన్నదే ఈ హక్కు. న్యూయార్క్, మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు ఈ హక్కు కోసం చట్టాలే చేశాయి గానీ, వాటి దృష్టి ప్రధానంగా ఎలక్ట్రానిక్ వస్తువుల మీదే ఉంది. తయారీ ఆపేసిన పనిముట్ల విడిభాగాల కొలతలను, అంటే గేరు పళ్ల సంఖ్య, వ్యాసం, ఇరుసు రంధ్రం కొలత, వాడిన లోహం వివరాలను, కంపెనీలు బహిరంగపరచాలని ఈ చట్టాల్లో చేర్చాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, డల్లాస్