రాయ్ డిస్కులు వచ్చాయి: ధర ఎందుకంత, బాపు గారివి ఎందుకు లేవు

అందరికీ నమస్కారమండీ. సత్యజిత్ రాయ్ అపూ త్రయం బ్లూరే సెట్లు అమలాపురం షాపుకి ఎట్టకేలకు చేరాయి. ముందుగా చెప్పి ఉంచుకున్నవాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. అవి పోగా మిగిలేవి కొన్నే. ధర చెప్పగానే అవతల చాలామంది కాసేపు మాట్లాడటం లేదు. మూడు పాత బెంగాలీ సినిమాలకి ఇంత డబ్బా, యూట్యూబ్‌లో ఊరికే వస్తున్నాయి కదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. అడగాల్సిన మాటే. అందుకే ఈసారి స్టాకు లిస్టు పక్కనపెట్టి, మీ డబ్బు దేనికి పోతోందో, ఈ షాపులో ఏం అమ్ముతానో, ఏం అమ్మనో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

1992లో రాయ్‌కి గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఆయన ఆసుపత్రి మంచం మీదే దాన్ని అందుకున్నారు. ఆ ఏప్రిల్‌లోనే పోయారు. ఆ వేడుక కోసం ఆయన సినిమాల్లోంచి నాలుగు ముక్కలు చూపిద్దామంటే మంచి ప్రింటు దొరకడమే గగనమైపోయింది. దాంతో ఆస్కార్ ఇచ్చే అకాడమీ వాళ్లు ఆయన సినిమాలు బాగుచేయించే పని భుజానికెత్తుకున్నారు. ఆ పని మీదే నెగటివ్‌లు, అంటే షూటింగప్పుడు కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ము, కలకత్తా నుంచి లండన్‌లోని హెండర్సన్స్ అనే ల్యాబ్‌కి వెళ్లాయి. 1993 జులైలో ఆ ల్యాబ్ తగలబడింది. అపూ త్రయంలోని పథేర్ పాంచాలి, అపరాజితో, అపూర్ సంసార్, ఇంకొన్ని సినిమాల ఒరిజినల్ నెగటివ్‌లు ఆ మంటల్లో చిక్కుకున్నాయి.

ఇక్కడ నన్ను కదిలించేది మంట కాదండీ, తర్వాత జరిగింది. అంచులు మాడి, ముడుచుకుపోయి, పట్టుకుంటే పెళుసుగా విరిగే ఆ ఫిల్మును చెత్తలో వెయ్యకుండా ఎవరో తీసి ఉంచారు. అప్పటికి దాన్ని ఏ మిషన్‌లోనూ ఎక్కించే వీలు లేదు. ఎప్పటికైనా వీలుపడుతుందన్న హామీ కూడా లేదు. అయినా పాత సినిమాలు భద్రపరిచే అకాడమీ ఆర్కైవ్‌లో ఇరవై ఏళ్ల పాటు అలాగే భద్రంగా పెట్టారు. తర్వాత అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ ఆ డబ్బాలు తెరిపించి, ఇటలీలో బొలోన్యా ఊళ్లో ఉన్న లిమ్మాజినే రిత్రోవాతా అనే ల్యాబ్‌కి పంపింది. వాళ్లు ఎండి బిగుసుకుపోయిన ఫిల్ముకి మళ్లీ తేమ పట్టించి మెత్తబరిచారు. కరిగి అంటుకుపోయిన టేపునీ జిగురునీ గీకి తీశారు. ఫిల్ము పక్కన ఉండే చిల్లులు చిరిగిపోయిన చోట కొత్త అంచు కట్టారు. ఫ్రేము వెనక ఫ్రేము 4కెలో, అంటే బ్లూరే కన్నా ఎక్కువ చుక్కలతో, స్కాన్ చేశారు. ఫిల్ము మీద చేత్తో చేసిన పనే దాదాపు వెయ్యి గంటలు. అంత చేస్తే పథేర్ పాంచాలిలో సుమారు 40 శాతం, అపరాజితోలో 60 శాతం పైగా ఆ కాలిన నెగటివ్‌ల నుంచే వచ్చాయి. అపూర్ సంసార్ నెగటివ్ మాత్రం అక్కరకు రాలేదు. దానికీ, మిగతా రెంటిలో ఖాళీలు పూడ్చడానికీ వేర్వేరు ఆర్కైవుల్లో దాచి ఉన్న కాపీలు వాడుకున్నారు. 2015 మేలో న్యూయార్క్‌లో మొదట తెర మీద చూపించారు. ఆ ఏడాది చివర డిస్కులు తెచ్చారు. మీ చేతికొచ్చే పెట్టె వెనక ఇంత కథ ఉంది.

ఫలితం ఎలా ఉందంటారా? పథేర్ పాంచాలిలో అపూ, వాళ్లక్క దుర్గ రైలు చూడ్డానికి పరిగెత్తే చోటు మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్లు పరిగెత్తేది మన లంకల్లో దసరా ముందు విరగబూసే రెల్లు పొదల్లాంటి వాటిలోనే. మొన్న షాపులో పాత వీసీడీనీ ఈ డిస్కునీ ఒకే టీవీలో ఒకదాని తర్వాత ఒకటి వేశాను. వీసీడీలో ఆ పూలు తెర నిండా తెల్లటి మరక. పిల్ల తల ఎక్కడో, పువ్వు ఎక్కడో తెలియలేదు. ఈ డిస్కులో ఒక్కో కంకి విడివిడిగా ఊగుతుంటే, వెనక ఆకాశానిది ఒక బూడిద రంగు, రైలు పొగది ఇంకో బూడిద రంగు. ఆ సీను సగం తీసి వారం తర్వాత మళ్లీ వెళితే పశువులు పూలన్నీ మేసేశాయనీ, మళ్లీ పూసేదాకా ఏడాది ఆగి మిగతా సగం తీశామనీ రాయ్ స్వయంగా చెప్పుకున్నారు. ఏడాది ఆగి తీసిన పూలని తెల్ల మరకలా చూడటం అన్యాయం కదండీ. కెమెరా పట్టిన సుబ్రత మిత్రాకి అప్పుడు ఇరవై ఒక్కేళ్లు. అంతకు ముందు సినిమా కెమెరా ముట్టుకున్న మనిషి కాదు.

లెక్కలో చెప్పాలంటే వీసీడీ బొమ్మ 352 బై 288 చుక్కలు. డీవీడీ 720 బై 576. బ్లూరే 1920 బై 1080. కానీ చుక్కలు పెంచినంత మాత్రాన బొమ్మ బాగుపడదు. అరిగిపోయిన ప్రింటు నుంచి తీసిన బొమ్మని ఎంత సాగదీసినా గీతలే పెద్దవవుతాయి.

ఇక ధర సంగతి. డిస్కు ధర ఒక ఎత్తు, అమెరికా నుంచి రవాణా ఒక ఎత్తు. కస్టమ్స్ సుంకం ఎంతన్నది పార్సిల్ చేతికొచ్చేదాకా తేలదు. దాని మీద నేను వేసుకునేది షాపు కరెంటు బిల్లుకీ, ప్యాకింగుకీ సరిపోతుంది, అంతే. బిల్లు కాపీలు కౌంటర్ మీదే ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు. కొత్త ఆర్డర్లకి సగం అడ్వాన్సు తీసుకుంటున్నాను. సుంకం తక్కువ పడితే తేడా మీకు తిరిగిస్తాను.

కొనేముందు ఒక్క విషయం తప్పకుండా చూసుకోండి. బ్లూరే డిస్కులకి దేశాల వారీగా రీజియన్ అనే తాళం ఉంటుంది. ఆ లెక్కలో అమెరికా రీజియన్ ఏ, మన దేశం రీజియన్ సి. ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్లో ఈ బ్లూరే డిస్కు పెడితే తిప్పనంటుంది. డిస్కు పాడైందని కంగారు పడొద్దు. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కావాలి. అపూ త్రయం బ్లూరే కన్నా స్పష్టంగా ఉండే 4కె యూహెచ్‌డీ డిస్కుల్లోనూ వచ్చింది. ఆ 4కె డిస్కులకి రీజియన్ గొడవ లేదు కానీ, 4కె ప్లేయర్ ఉండాలి. మీ ప్లేయర్ మోడల్ నంబరు ఫొటో తీసి పంపితే ఆడుతుందో లేదో చూసి చెబుతాను. ఆడకపోతే సెట్ అమ్మను. మీరు బతిమాలినా అమ్మను.

సబ్‌టైటిళ్లు ఇంగ్లీషులో మాత్రమే ఉన్నాయి. ఇంట్లో అమ్మమ్మలు, అమ్మలు ఎలా చూస్తారని రావులపాలెం నుంచి ఒక మాస్టారు అడిగారు. అందుకని ప్రతి సినిమాకీ తెలుగులో చిన్న పుస్తకం రాసి జిరాక్స్ తీయించాను. కథ, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ సీను దగ్గర ఏం జరుగుతోందో అందులో ఉంటుంది. సెట్‌తో పాటు ఊరికే ఇస్తాను. నిజానికి పథేర్ పాంచాలిలో ఇందిర్ ఠాక్రూన్ అనే ముసలావిడ వరండాలో కూర్చుని తినే తీరు చూస్తే మీకే పుస్తకమూ అక్కర్లేదు. మన ప్రతి ఊళ్లోనూ అలాంటి మామ్మ ఒకావిడ ఉండేది.

ఇప్పుడు అమ్మనివి. ఈ మధ్య ఒక హోల్‌సేల్ ఆయన పాత తెలుగు క్లాసిక్స్ హెచ్‌డీ రీమాస్టర్డ్ అంటూ కట్ట పంపాడు. కవరు మీద బంగారు అక్షరాలు, లోపల డిస్కు తిప్పి చూస్తే అడుగున ఊదా రంగు. కంపెనీలో అచ్చుకొట్టిన డీవీడీ అడుగున వెండిలా మెరుస్తుంది. కంప్యూటర్లో రాసిన డిస్కుకి ఊదా ఛాయ ఉంటుంది, ఎంతవరకు రాశారో వలయం కూడా కనిపిస్తుంది. వేసి చూస్తే టీవీలో వచ్చినప్పుడు పట్టినది. మూలన ఛానల్ గుర్తు చెరిపిన మరక అలాగే ఉంది. కట్ట మొత్తం తిప్పి పంపేశాను. పక్క ఊళ్లలో అవే అమ్ముడవుతున్నాయి, నాకు తెలుసు. మీ దగ్గర అలాంటిది ఉంటే అడుగు ఒకసారి తిప్పి చూసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ప్రశ్న: మన బాపు గారివి ఎప్పుడొస్తాయండీ? బాపు నరసాపురంలో పుట్టారు, ముళ్లపూడి వెంకటరమణ ధవళేశ్వరంలో. సాక్షి (1967) పులిదిండిలో తీశారు. అందాల రాముడు (1973) గోదారి మీద పడవలో సాగుతుంది. ముత్యాల ముగ్గు (1975) ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్యకి జాతీయ అవార్డు వచ్చింది. ఆ పొద్దుటి వెలుగు ఎలా ఉంటుందో మన కళ్లకి తెలుసు. పాత డీవీడీలో అది కనిపించదు. రంగు వెలిసి, మొహాలన్నీ ఎర్రగా తేలిపోయి ఉంటాయి. రాయ్ సెట్ పక్కన పెట్టి అమ్మదగ్గ బాపు డిస్కు నా దగ్గర ఒక్కటీ లేదు. అందుకే షెల్ఫులో ఆయన పేరున్న అర ఖాళీగా ఉంచాను. దాన్ని ఊదా డిస్కులతో నింపడం నాకు చేతకాదు.

తెలుగులో ఏమీ జరగట్లేదని కాదు. విశ్వనాథ్ గారి శంకరాభరణం (1980) పుణెలోని జాతీయ ఫిల్ము ఆర్కైవ్ డిజిటల్‌గా బాగుచేస్తే, 2022లో గోవా చలనచిత్రోత్సవంలో చూపించారు. మాయాబజార్ (1957)కి 2010లో రంగులు వేసి థియేటర్లలో వేశారు. జనం బాగానే చూశారు, సంతోషమే. కానీ రంగు వేయడం వేరు, ఉన్న బొమ్మని ఉన్నట్టు కాపాడటం వేరు. ఆ సినిమా వెన్నెలని కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే నలుపు తెలుపుల్లోనే పండించారు. నాకు కావలసింది ఆ వెన్నెల, గీతలు లేకుండా. ఈ మాట మీద నాతో వాదించే కస్టమర్లు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్లు రంగుల డిస్కు కోసం ఎప్పుడొచ్చినా స్వాగతమే.

బాపు సినిమాలకి అలాంటి పని జరగాలంటే ముందు నెగటివ్ కావాలి, అది లేకపోతే మంచి ప్రింటైనా కావాలి. రాయ్ తీసిన అరణ్యేర్ దిన్ రాత్రి 4కెలో బాగుపడి 2025లో కాన్ చలనచిత్రోత్సవంలో వేశారు. ఒరిజినల్ నెగటివ్‌ని నిర్మాత పూర్ణిమా దత్తా దాచి ఉంచారు కాబట్టే అది కుదిరింది. మన వైపు చాలా చోట్ల అలా జరగలేదు. నలుపు తెలుపు ప్రింట్లని వెండి కోసం కరిగించేశారు. మిగిలినవి మన ఉక్కపోతకి పాడైపోయాయి. ఫిల్ము చెడిపోవడం మొదలైతే వెనిగర్ లాంటి పుల్లటి వాసన కొడుతుంది. ఆ వాసన మొదలైందంటే ఇక ఆగదు, పక్కనున్న రీళ్లకీ పాకుతుంది.

కాబట్టి ఇది నేరుగా అడుగుతున్నాను. మీ కుటుంబానికి ఒకప్పుడు టూరింగ్ టాకీసో, పర్మనెంట్ హాలో, డిస్ట్రిబ్యూషన్ ఆఫీసో ఉండి ఉంటే, అటక మీదో ధాన్యం కొట్టులోనో రేకు డబ్బాలు మిగిలి ఉండొచ్చు. పాత ఇనుము కొనేవాడికి వెయ్యకండి. డబ్బా మూత తుప్పు పట్టి ఉంటే బలవంతంగా తియ్యొద్దు, ఎండలో పెట్టొద్దు, రీలు విప్పి సాగదీసి చూడొద్దు. డబ్బా మీద రాసిన పేరు ఫొటో తీసి నాకు పంపండి. పుణె ఆర్కైవ్‌కి గానీ, ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కి గానీ ఉత్తరం నేను రాసిపెడతాను. రీళ్లు మీవే, నిర్ణయం మీదే, ఇందులో నాకు కమీషన్ ఏమీ లేదు. సినిమా పేరు ఎవరికీ తెలియనిదైనా సరే, డబ్బింగ్ బొమ్మైనా సరే, సగం రీళ్లే ఉన్నా సరే, ఫొటో పంపండి. అపూర్ సంసార్‌ని కాపాడింది ఎక్కడెక్కడో ఉన్న కాపీలే.

ఇక షాపు సంగతులు. డిస్కులు అద్దెకివ్వడం ఈ నెలతో ఆపేస్తున్నాను. గీతలు పడి వెనక్కొచ్చిన డిస్కుకి బదులు తెచ్చుకోవాలంటే ఇప్పుడు దొరకడం లేదు. అద్దె పాస్ బుక్కులో డబ్బు మిగిలి ఉన్నవాళ్లు వచ్చి తీసుకోండి, లేదా కొనుగోలులో తగ్గించుకోండి. నెట్ సరిగ్గా అందని లంక గ్రామాల కస్టమర్లకి మాత్రం మునుపటిలాగే అద్దె డిస్కులు నేనే ఏర్పాటు చేస్తాను, ఫోన్ చేయండి.

నిజం చెప్పాలంటే షాపు అద్దె కట్టేది రాయ్ కాదు, మీ పెళ్లి క్యాసెట్లు. వీహెచ్‌ఎస్ నుంచి పెన్‌డ్రైవ్‌కి ఎక్కించే పని బాగా పెరిగింది. మన తేమకి టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. దాన్ని అలాగే వీసీఆర్‌లో పెడితే టేపుని చదివే హెడ్డు పాడవుతుంది, తర్వాత పెట్టిన క్యాసెట్‌కీ అంటుకుంటుంది. అందుకని బూజు పట్టినవాటిని విడిగా ఉంచి, చేత్తో తుడిచి, ఒక పాత మిషన్‌లో తిప్పాకే ఎక్కిస్తున్నాను. వీటికి టైమ్ ఎక్కువ పడుతుంది, తొందర పెట్టకండి. రేటు పాతదే. వానాకాలం మొదలయ్యేలోపు తెచ్చుకుంటే మంచిది.

కల్యాణ మండపంలో పథేర్ పాంచాలి వేద్దాం, టికెట్టు పెడదాం అని కొందరు కుర్రాళ్లు ఉత్సాహపడుతున్నారు. ఇంట్లో చూసుకోవడానికి అమ్మిన డిస్కు అది, పదిమందికీ ప్రదర్శించాలంటే హక్కుదారుల అనుమతి విడిగా తీసుకోవాలి. అడిగి చూస్తాను. ఒప్పుకుంటే ఇక్కడే చెబుతాను. ఈలోగా కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఆదివారం తప్ప ఏ రోజైనా సాయంత్రం షాపుకి రండి. ఆ రెల్లు పూల సీను రెండు డిస్కుల్లోనూ వేసి చూపిస్తాను.